ఆ ఇంటి పుస్తకంలో అవ్వ పేరు

2023 దసరా సెలవులకి కోడుమూరులో అమ్మ దగ్గర ఉన్నప్పుడు మామయ్య ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మనింటి చరిత్ర రాయించాం. నూట ఇరవై పేజీలు వచ్చింది. సంక్రాంతికి క్యాంపులో అందరం కలిసినప్పుడు పుస్తకం పంచుదామని. నువ్వు సాహిత్యంలో డాక్టరేటు చేసినదానివి, కాస్త దిద్దిపెట్టి ముందుమాట రాయమ్మా" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక అమ్మ ఒక్క మాటే అడిగింది. "దాంట్లో మా అమ్మ ఉందా?"

లేదు. నాలుగు రోజుల తర్వాత వచ్చిన ప్రూఫులు మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎక్కడా లేదు.

ఈ వ్యాసం ఆ లేకపోవడం గురించి. అయితే 'మా అవ్వని చరిత్రలోంచి తుడిచేశారు' అని చెప్పి ముగించగలిగితే దీన్ని రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఆ వాక్యం మనందరికీ బాగా అలవాటైన వాక్యం. మా అవ్వ విషయంలో అది సగమే నిజం కావడం వల్లే రాయాల్సి వచ్చింది.

మా తాత తెనాలి దగ్గరి పల్లె నుంచి 1957లో సింధనూరు ప్రాంతానికి వచ్చాడు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్లు వదిలాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాలకి తరలివెళ్లారు. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే అక్కడ చాలా ఎకరాల నల్లరేగడి వచ్చేది. వాళ్లు కట్టుకున్న ఊళ్లకి 'క్యాంపు' అనే పేరు స్థిరపడిపోయింది. మూడు తరాలు పుట్టి పెరిగి, డాబాలు లేచి, కళ్యాణమండపాలు వెలిసినా ఆ ఊళ్లు ఇప్పటికీ క్యాంపులే. తాత్కాలికమనే అర్థమున్న మాట శాశ్వతంగా అతుక్కుపోయింది.

పుస్తకంలో ఈ భాగం బాగుంది. రెండెడ్ల బండి, పాములు, దోమలు, మలేరియా, కాలువ నీళ్లే తాగునీళ్లు, దీపం లేని మొదటి ఏడాది. తాతతో వచ్చిన ఆయన భార్య, అంటే నేను 'క్యాంపమ్మమ్మ' అని పిలిచే ఆవిడ, రోజూ సాయంత్రం గుడిసె వాకిట్లో కూర్చుని తూర్పువైపు చూస్తూ ఏడ్చేదట. ఆ ఏడుపు గురించి మామయ్య రెండు పేజీలు రాయించాడు. వలసవచ్చిన ఇంటి కథలో ఆడవాళ్ల దుఃఖానికి అంత చోటు దొరకడం అరుదు. చదువుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి.

కానీ ఆ పుస్తకంలో పదేపదే వచ్చే మాట ఒకటుంది. 'బీడుభూమి'. 'ఎందుకూ పనికిరాని బీడుభూమిని నాన్నగారు బంగారం పండే మాగాణి చేశారు.' ఆ భూమి బీడు కాదు. అందులో జొన్న పండేది, పత్తి పండేది. దున్నుకునే వాళ్లుండేవాళ్లు, వాళ్లకి దేవరలుండేవి, పొలిమేరలుండేవి. ఆ కాలువని కట్టింది కూడా వరికోసం కాదు. కరువుసీమలో ఎక్కువమంది రైతులకి తలా కాస్త నీళ్లిచ్చి మెట్ట పంటలని నిలబెట్టాలన్నది మొదటి లెక్క. కాలువ పైభాగంలో వరి విస్తరించాక చివరి ఆయకట్టుకి నీళ్లు చేరలేదు. తుంగభద్ర ఎడమ కాలువ మీద ఏళ్ల తరబడి పనిచేసిన పీటర్ మొలింగా లాంటి పరిశోధకులు ఇదంతా వివరంగా రాశారు. నాకు పుస్తకాలు అక్కర్లేకుండానే తెలుసు. మాది కోడుమూరు. అదే ఆనకట్ట నుంచి బయల్దేరే దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు దాటి మావైపు వచ్చేసరికి ఎంత మిగిలేదో చూస్తూ పెరిగాను.

నీళ్లు లేనిచోట మనుషులు కదులుతారు. మావైపు దానికి 'సుగ్గి' అని పేరుంది. పంట చేతికొచ్చే కాలానికి మూటాముల్లె కట్టుకుని, ఇంటికి తాళమేసి, ముసలివాళ్లని వదిలి, పనులున్న చోటికి పోవడం. ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ప్రాంతాల నుంచి సుగ్గికి గుంటూరు జిల్లాకి పోతారు, మిరపకాయలు కొయ్యడానికి. అరవై ఏళ్ల కింద గుంటూరువాళ్లే ఇటు వచ్చారు, మావాళ్లు వాళ్ల క్యాంపులకి పోయారు. ఒక వలసని చరిత్ర అంటున్నాం. ఇంకో వలసని సుగ్గి అంటున్నాం. ఒకదానికి పుస్తకం వేస్తున్నాం. రెండోదానికి బడిమానేసిన పిల్లల లెక్కల్లో తప్ప ఎక్కడా చోటు లేదు.

1962లో మా అవ్వ పద్దెనిమిదేళ్ల పిల్ల. వాళ్ల అమ్మతో, ఊరి ఆడవాళ్లతో కలిసి ఆదోని దాకా నడిచీ బస్సెక్కీ, ఆదోని నుంచి రాయచూరుకి రైల్లో, అక్కడి నుంచి ఎవరి బండి దొరికితే ఆ బండిలో తాత పొలానికి చేరింది. మావాళ్లకి కళ్లం తెలుసు, పత్తి తెలుసు, కొర్ర తెలుసు. వరినాటు తెలియదు. మోకాళ్ల లోతు బురదలో వంగి, వేళ్ల మధ్య నారు పట్టుకుని, వెనక్కి నడుస్తూ నాటడం నేర్పింది క్యాంపమ్మమ్మే. ఈ మాట అవ్వ నాకు చాలాసార్లు చెప్పింది. "ఆయమ్మ చెయ్యి పట్టుకోని నేర్పిచ్చింది. మంచి మనిషి" అనేది.

రెండేళ్ల తర్వాత తాత హులిగెమ్మ గుడి దగ్గర అవ్వ మెడలో పసుపుకొమ్ము కట్టాడు. పొలం గట్టున ఒక కొట్టం వేయించాడు. అమ్మ అక్కడే పుట్టింది. తాతది కమ్మ కులం, అవ్వ బోయ. 1955 హిందూ వివాహ చట్టం వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. భార్య బతికుండగా చేసుకున్న రెండో పెళ్లి ఆ చట్టం దృష్టిలో పెళ్లే కాదు. క్యాంపు దృష్టిలో అంతకన్నా కాదు. అమ్మకి ఐదేళ్లప్పుడు అవ్వ ఒకరోజు పొద్దున్నే పిల్లని చంకనేసుకుని కోడుమూరు వచ్చేసింది. మళ్లీ పోలేదు. ఎందుకు వచ్చేశావని అడిగితే, "పని అయిపోయింది, వచ్చినా" అనేది.

తాత 1989లో పోయాడు. క్యాంపమ్మమ్మ బతికున్నన్నాళ్లూ ప్రతి సంక్రాంతికీ అరిసెల బుట్ట ఎవరో ఒకరి చేత మా ఇంటికి పంపేది. అవ్వ ఆ బుట్టని ఖాళీగా తిప్పిపంపలేదు, వేరుశనక్కాయలు పోసి పంపేది. అమ్మ పెళ్లికి మామయ్య వచ్చాడు, పది బస్తాల బియ్యం తెచ్చాడు. అందరికీ అన్నీ తెలుసు. రాతలో మాత్రం ఏమీ లేదు.

ప్రూఫులు ముందు పెట్టుకుని ఆలోచిస్తున్న రోజుల్లో నేను చదువుతున్న పుస్తకం ఒకటుంది. లారెల్ థాచర్ ఉల్రిచ్ 2017లో ప్రచురించిన 'ఎ హౌస్ ఫుల్ ఆఫ్ ఫీమేల్స్'. ఒక మంత్రసాని డైరీ ఆధారంగా రాసిన 'ఎ మిడ్‌వైఫ్స్ టేల్'కి 1991లో పులిట్జర్ బహుమతి పొందిన చరిత్రకారిణి ఆమె. ఈ పుస్తకంలో ఆమె రాసింది తన సొంతవాళ్ల గురించి, అమెరికాలోని తొలితరం మోర్మన్ ఆడవాళ్ల గురించి.

మోర్మన్లు 1847 జూలైలో బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో సాల్ట్ లేక్ లోయకి చేరారు. తర్వాత ఇరవై ఏళ్లలో రైలుమార్గం పడేదాకా దాదాపు డెబ్బై వేలమంది బళ్ల మీద, కాలినడకన అక్కడికి వలసపోయారు. 1856లో చేతిబళ్లు లాక్కుంటూ ఆలస్యంగా బయల్దేరిన రెండు బృందాలు మంచులో చిక్కుకుని రెండు వందలమందికి పైగా చనిపోయారు. ఆ వలసవచ్చినవాళ్లని వాళ్ల వారసులు 'పయనీర్లు' అంటారు. జూలై 24 అక్కడ పండగ. ఆ ఇళ్ల ఆడవాళ్లు 1901లో 'డాటర్స్ ఆఫ్ యూటా పయనీర్స్' అని సంఘం పెట్టుకుని తాతముత్తాతల డైరీలు, కుట్టిన బొంతలు, వంటసామాను దాచిపెడుతూ వచ్చారు. ప్రతి ఇంటికీ ఒక కుటుంబ చరిత్ర ఉంటుంది.

ఆ చరిత్రల్లో కూడా 'బీడుభూమి' ఉంది. ఎడారిని పూలతోట చేశామనే మాట అక్కడ దాదాపు మంత్రం. ఆ నేల మీద అప్పటికే ఉన్న యూట్, షోషోనీ, పాయూట్ జనం ఏమయ్యారన్నది ఆ మాటలో ఇమడదు. కాష్ లోయలో మోర్మన్ ఊళ్లు వెలిసిన కొద్ది ఏళ్లకే, 1863 జనవరి 29న, ఆ లోయకి ఉత్తరాన బేర్ నది ఒడ్డున అమెరికా సైన్యం వందలమంది షోషోనీలని చంపేసింది. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. మా క్యాంపులో అలాంటి హింస జరగలేదు. డబ్బిచ్చి కాగితాల మీద కొన్న భూములవి. రెండింటినీ ఒకటి చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ 'మొదటివాళ్లం' అని చెప్పుకోవాలంటే ముందున్నవాళ్లని కాస్త చూడకుండా ఉండాలి. ఆ చూడకపోవడం రెండుచోట్లా ఒకటే.

ఇంకో పోలిక నన్ను ఎక్కువ పట్టుకుంది. మోర్మన్లు 1852లో బహుభార్యత్వాన్ని బాహాటంగా ప్రకటించారు, అమెరికా ప్రభుత్వ ఒత్తిడి మధ్య 1890లో వదులుకున్నారు. వాళ్ల కుటుంబ చరిత్రల్లో చాలా ఇళ్లలో ఇద్దరు ముగ్గురు ముత్తవ్వలు ఉంటారు. ఆ ఆడవాళ్ల గురించి మనం ముందే ఒక నిర్ణయానికి వచ్చేస్తాం. బాధితులు. అయితే ఉల్రిచ్ మనల్ని ఒక ఇబ్బందికరమైన సంఘటన దగ్గర నిలబెడుతుంది. 1870 జనవరిలో సాల్ట్ లేక్ నగరంలో వేలమంది ఆడవాళ్లు సభపెట్టి, బహుభార్యత్వాన్ని అణచడానికి వస్తున్న చట్టాన్ని వ్యతిరేకించారు. తమ తరఫున తామే మాట్లాడారు. మరుసటి నెలలోనే యూటా ఆడవాళ్లకి ఓటుహక్కు వచ్చింది. 1887లో బహుభార్యత్వాన్ని అణచే మరో చట్టం ఆ ఓటుని కూడా తీసేసింది. 1896లో యూటా రాష్ట్రమైనప్పుడు తిరిగి వచ్చింది. అదే ఏడాది మార్తా హ్యూస్ కానన్ అనే డాక్టరు, ఒక మోర్మన్ పెద్దకి నాలుగో భార్య, రాష్ట్ర సెనేట్‌కి గెలిచింది. పోటీలో ఉన్నవాళ్లలో ఆమె భర్త కూడా ఉన్నాడు. అమెరికాలో రాష్ట్ర సెనేటర్ అయిన మొదటి స్త్రీ ఆమె.

ఆ సభలో మాట్లాడిన ఆడవాళ్లని ఏం చెయ్యాలి? వాళ్లు భ్రమలో ఉన్నారని చెప్పి వాళ్ల మాట పక్కన పెట్టవచ్చు. అప్పుడు వాళ్ల తరఫున మనమే మాట్లాడుతున్నాం. వాళ్లు చెప్పిందే నిజమని రాసుకోవచ్చు. అప్పుడు ఆ సభకి రాని, రాలేని ఆడవాళ్ల ఏకాంతాన్ని వదిలేస్తున్నాం. ఉల్రిచ్ ఈ రెండింటిలో ఏదీ చెయ్యదు. వాళ్ల మాటని ఉన్నదున్నట్టు వింటుంది, వాళ్ల డైరీల్లోని మౌనాలనీ పక్కనే పెడుతుంది. చదువుతున్నంతసేపూ నాకు మా అవ్వే గుర్తొచ్చింది. ఎందుకంటే అవ్వ కూడా ఒక మాట చెప్పింది. దాన్ని ఎలా వినాలో నాకు తెలియలేదు.

అది 2010 వేసవి. ఎం.ఏ. పూర్తిచేసి పరిశోధనకి సిద్ధమవుతున్న రోజులు. 'మనకు తెలియని మన చరిత్ర' చదివి ఊగిపోతున్నాను. ఆడవాళ్ల నోటిమాటని చరిత్రగా నమోదు చెయ్యడంకంటే గొప్పపని లేదనుకుంటున్నాను. ఒక చిన్న రికార్డరు కొనుక్కుని అవ్వ ముందు కూర్చున్నాను. సుగ్గి గురించి, నాట్ల గురించి, క్యాంపమ్మమ్మ గురించి అవ్వ గంటన్నర చెప్పింది. చివర్లో నేను, "అవ్వా, ఇదంతా నీ పేరుతో రాస్తా. తాత వాళ్లింటి చరిత్రలో నువ్వు కూడా ఉండాల గదా" అన్నాను.

అవ్వ వెంటనే అంది. "నా పేరు ఏమిటికి రాస్తావు పాప? రాయొద్దు. నేను వాళ్లింటి మనిషిని కాను. వాళ్లింటి బుక్కులో నన్ను కూసోబెడితే నేను వాళ్లకు బాకీపడినట్లు గదా. నాకు ఆయప్ప కూడు పెట్టలేదు. నేనే వాళ్ల మళ్లు నాటినా."

సిగ్గుతో చెప్పిందని చాలాకాలం అనుకున్నాను. లోకం నోరు నొక్కేస్తే ఆ నొక్కుడునే తన ఇష్టమనుకుంది అని సిద్ధాంతం కట్టుకున్నాను. సెమినార్ పేపర్లలో ఇలాంటి మాటలు సులువుగా వస్తాయి. 2011లో అవ్వ పోయాక ఆ రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో. ఆ గొంతులో సిగ్గు లేదు. లెక్క ఉంది. ఎవరు ఎవరికి బాకీ అనే లెక్క. ఒక ఇంటి పుస్తకంలో చోటివ్వడం అంటే దానం చెయ్యడం. దానం పుచ్చుకుంటే తను చేసిన పని జమలోంచి పోతుంది. ఇది అవ్వ వాదం. దీనికి మించిన వాదం ఏ గ్రంథంలోనూ నాకు దొరకలేదు.

ఇక్కడే మోర్మన్ల ఇంకో ఆచారం మన ప్రశ్నకి దగ్గరగా వస్తుంది. వాళ్లకి కుటుంబ చరిత్ర ఒక సరదా కాదు, మతధర్మం. చనిపోయిన పూర్వీకుల పేర్లు వెతికి, వాళ్ల తరఫున బతికున్నవాళ్లు బాప్తిస్మం తీసుకుంటారు. దానికోసమే 1894లో వంశావళి సంఘం పెట్టారు. ప్రపంచమంతా తిరిగి రికార్డులని మైక్రోఫిల్మ్ చేశారు. 1977 నుంచి హరిద్వార్ పండాల చిట్టాలని కూడా ఫిల్మ్ చేశారు. తీర్థానికి వెళ్లిన మగవాళ్లు తరతరాలుగా తమ వరుసని రాయించిన ఆ చిట్టాలు యూటాలోని మోర్మన్ల భాండాగారానికి చేరాయని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. మతాలు వేరు, ఖండాలు వేరు. వంశం రాసే గీతమాత్రం తండ్రి నుంచి కొడుక్కే.

తెలుగునాట కూడా ఈ సంఘానికి చరిత్ర ఉంది. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవాలో ఉండగా ఆ మతంలో చేరి, 1978 డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చారు. వాళ్ల బంధువులే ఇరవై ఇద్దరు అప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చెయ్యడానికి పూనుకున్నది ఎల్సీ తండ్రి, ఒక బాప్టిస్టు పాస్టరు. 2012లో దేశంలోనే మొదటి 'స్టేక్' హైదరాబాద్‌లో ఏర్పడింది. ఆ కుటుంబాన్ని కూడా వాళ్ల చర్చి చరిత్రలో 'పయనీర్లు' అనే అంటారు. బండీ లేదు, ఎడారీ లేదు. మొదట వచ్చినవాళ్లు కాబట్టి పయనీర్లు.

చనిపోయినవాళ్లకి బాప్తిస్మం ఇవ్వడం మీద పెద్ద వివాదమే నడిచింది. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లు కూడా ఆ జాబితాల్లో చేరాయని తెలిసి యూదు సంఘాలు కలతపడ్డాయి. యూదులైనందుకు చంపబడ్డవాళ్లని చచ్చాక ఇంకో మతంలోకి రాసుకుంటారా అని అడిగాయి. 1995లో ఒప్పందం కుదిరింది. దాదాపు మూడు లక్షల ఎనభై వేల పేర్లు తీసేశారు. మోర్మన్ల సమాధానాన్నీ చెప్పాలి. బాప్తిస్మం బలవంతం కాదు, అది ఆహ్వానం మాత్రమే, పరలోకంలో ఆ ఆత్మ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు అంటారు. ప్రేమతోనే చేస్తున్నామంటారు. ఆ ప్రేమని నేను శంకించను. అసలు సమస్య అక్కడే ఉంది. ప్రేమతో చేసినా, అడగకుండా ఒకరిని మన ఇంటి మనిషిగా రాసుకోవచ్చా?

అంటే మన ముందు రెండు తప్పులున్నాయి. ఉన్న మనిషిని లేదనడం ఒకటి. రానన్న మనిషిని వచ్చిందనడం ఇంకొకటి. స్త్రీవాదులుగా మనం మొదటి తప్పు గురించి శతాబ్దానికి పైగా మాట్లాడుతున్నాం. 1901లో భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వేసినప్పటి నుంచీ పేరులేని ఆడవాళ్లకి పేరు వెతికే పని చేస్తున్నాం. అది చెయ్యాల్సిన పనే. రెండో తప్పు గురించి మాత్రం తక్కువ మాట్లాడాం. వెతికి పట్టుకున్న పేరుని ఏ పుస్తకంలో, ఎవరి ఇంట్లో, ఏ వరసలో పెడుతున్నాం అన్నది కూడా ప్రశ్నే. మా అవ్వని 'రెండో భార్య' అని ఆ వంశవృక్షంలో ఒక కొమ్మకి తగిలిస్తే, ఆమె తెంచుకుని వచ్చేసిన తాడుని నేనే మళ్లీ కట్టినట్టు కాదా?

ఇక్కడ నా మీద నాకే అనుమానం రావాలి, వచ్చింది. అవ్వ పేరు ఉండాలనేది ఎవరి కోరిక? మామయ్య భయం నాకు తెలుసు. ఆయన మొహమాటపడుతూనే చెప్పాడు. "అమ్మాయ్, మీ అమ్మ మీద నాకు ప్రేమ లేక కాదు. మొన్న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. పుస్తకంలో రాస్తే రేపు అదే సాక్ష్యమవుద్దని పిల్లలు భయపడుతున్నారు." ఆయన చెప్పింది రేవణసిద్దప్ప కేసు, 2023 సెప్టెంబర్ 1న వచ్చిన తీర్పు. చట్టం దృష్టిలో చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలకి కూడా తల్లిదండ్రుల ఆస్తిలో హక్కుంటుంది, ఉమ్మడి ఆస్తిలో తండ్రి వాటాకి వచ్చేదానిలో కూడా ఉంటుంది అని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అంటే ఒక వాక్యం రాయడం, రాయకపోవడం అన్నది స్మృతికి సంబంధించిన నాజూకు వ్యవహారం కాదు. దాని వెనక కాలువ కింద పారే ఎకరాలున్నాయి.

అలాంటప్పుడు అవ్వ మాట వినడం నాకు గౌరవమా, మామయ్యకి సౌకర్యమా? ఆమె వద్దంది కాబట్టి రాయనంటే ఆ ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆమె వద్దన్నా రాస్తానంటే నేను ఆమెని వాడుకుంటున్నాను, బహుశా అమ్మ హక్కు కోసం, బహుశా నా పరిశోధన కోసం. అమ్మని అడిగాను. "నాకు ఆ భూమి వద్దు. కానీ నేను ఎవురికి పుట్టినానో రాసేదానికి వాళ్లెందుకు భయపడాల?" అంది. అవ్వకి అక్కర్లేనిది అమ్మకి కావాలి. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకి ఒకే న్యాయం సరిపోదు.

చాలారోజులు తన్నుకులాడాక నాకు తోచింది ఇది. చనిపోయినవాళ్లకి మన పుస్తకంలో చోటివ్వడం మన బాధ్యత కాదు. మన పుస్తకం అబద్ధం చెప్పకుండా చూడటం మన బాధ్యత. ఈ రెండూ ఒకటిగా కనిపిస్తాయిగానీ ఒకటి కాదు. మొదటిది ఆమె గురించి. దానిమీద అధికారం ఆమెదే. తన పేరు, తన కథ, తన వరస తనవి. వద్దంటే వద్దు. రెండోది ఆ ఇంటి గురించి. ఆ ఇల్లు ఎలా నిలబడింది, ఎవరి చేతుల మీద నిలబడింది, దాని యజమాని ఏం చేశాడు అన్నది ఆ ఇంటివాళ్లు తమ గురించి తాము చెప్పుకోవాల్సిన నిజం. అవ్వ తన పేరు రాయొద్దందిగానీ, తాతని ఏకపత్నీవ్రతుడని రాయమనలేదు. తన మౌనాన్ని ఆమె తనకోసం ఉంచుకుంది, ఆయనకి దానమివ్వలేదు.

అవ్వ జీవితం నడిచిన తీరుని బట్టి చూసినా ఇదే సరిపోతుంది. ఆమె తనకోసం ఏమీ అడగలేదు. కానీ ఎదుటివాళ్ల లెక్క తప్పైతే ఊరుకునేది కాదు. అరిసెల బుట్టలో వేరుశనక్కాయలు పోసి పంపడం అంటే అదే కదా.

మీరు అడగబోయేది నాకు తెలుసు. మళ్లీ పేరులేని ఆడదేనా? ఎన్ని పుస్తకాల్లో 'ఒక దాసి', 'ఒక కూలి', 'ఒక స్త్రీ' అని చదివి కోపం తెచ్చుకున్నాం? నిజమే. అయితే పేరు పోగొట్టుకోవడం, పేరు ఇవ్వననడం ఒకటి కాదు. బయటినుంచి చూస్తే రెండూ ఖాళీగానే కనిపిస్తాయి. అందుకే ఖాళీ పక్కన అది ఎవరు వదిలిన ఖాళీయో రాయాలి. 'ఆమె పేరు తెలియదు' అని రాస్తే అబద్ధం. 'ఆమె తన పేరు ఈ పుస్తకంలో ఉండొద్దంది' అని రాస్తే నిజం. ఆ వాక్యంలో ఆమె ఉంది, తను నిలబడదలుచుకున్న చోటే ఉంది.

అమ్మ సంగతి వేరు. అమ్మ వద్దనలేదు. అమ్మ పేరు రాయాలి, కూతురిగానే రాయాలి. అది దయ కాదు, ఆమె అడిగింది కూడా.

ప్రూఫులతోపాటు మామయ్యకి ఒక పేజీ పంపాను. మూడు విషయాలు. ఆ భూమి బీడు కాదని ఒక పేరా. ఆ మళ్లు నాటినవాళ్లలో ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు నుంచి సుగ్గికొచ్చిన ఆడవాళ్లున్నారనీ, వాళ్లకి నాటు నేర్పింది క్యాంపమ్మమ్మ అనీ ఒక పేరా. తాతకి ఇంకో సంసారం ఉండేదనీ, ఆ ఇల్లాలు తన పేరు రాయొద్దన్నదనీ, వాళ్లకి పుట్టిన కూతురు ఫలానా అనీ నాలుగు వాక్యాలు.

పది రోజుల తర్వాత మామయ్య ఫోన్ చేశాడు. సుగ్గి పేరా బాగుందన్నాడు. అమ్మకి, అంటే క్యాంపమ్మమ్మకి, ఆ పేరా ఉంటే సంతోషంగా ఉండేదన్నాడు. బీడు అనే మాట రెండుచోట్ల తీసేయిస్తానన్నాడు. నాలుగు వాక్యాల గురించి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నేనొక్కణ్ణే అయితే పెట్టేవాణ్ణమ్మా" అన్నాడు. ఆయన గొంతు నిజమే చెప్పింది. నేను కూడా నిజమే చెప్పాను. ఆ వాక్యాలు లేని పుస్తకానికి ముందుమాట రాయలేనన్నాను.

2024 సంక్రాంతికి పుస్తకం వచ్చింది. మందపాటి అట్ట, రంగుల ఫొటోలు. మామయ్య ఒక కాపీ కోడుమూరు పంపాడు. సుగ్గి పేరా ఉంది. నాట్లు వేస్తున్న ఆడవాళ్ల పాత ఫొటో ఒకటి కొత్తగా చేర్చారు. నలుపుతెలుపులో వంగిన వీపులు, ఎవరి ముఖమూ కనిపించదు. వంశవృక్షంలో అమ్మ లేదు. ముందుమాట ఇంకెవరో రాశారు.

అమ్మ ఆ ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. "ఇందులో మా అమ్మ ఏదో నాకు తెలుస్తుంది" అంది. ఏదీ అని నేను అడగలేదు. పుస్తకం బీరువాలో పెట్టి, బుట్ట కోసం అటక మీద వెతకడం మొదలుపెట్టింది. ఆ ఏడాది వేరుశనగ బాగానే పండింది.